బ్యాంబూ కాటన్ అంటే నిజంగా వెదురేనా? పసిబిడ్డ జుబ్బాలకు ఏ గుడ్డ తీసుకోవాలి?

కుట్టుమిషన్_తెనాలి
శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం అండీ. నాది తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, నేను, సాయానికి ఇంకో అమ్మాయి. జాకెట్లు, పిల్లల పట్టులంగాలు ఎక్కువ కుడతాం. 16 ఏళ్ళుగా గుడ్డతోనే బతుకుతున్నాను గానీ, ఈ వారం మాత్రం గుడ్డ గురించి నాకు తెలిసింది కత్తిరించడం ఒక్కటేనేమో అనిపించింది.

సంగతేమిటంటే మా వీధిలో ఒకావిడ కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఆ అమ్మాయికిప్పుడు ఏడో నెల. బిడ్డకి 30 జుబ్బాలు, 20 లంగోటీలు, 4 పక్కగుడ్డలు ఆర్డరిచ్చారు. పుట్టకముందే బట్టలేమిటని వాళ్ళ నాయనమ్మ గొణుగుతోంది, అది వాళ్ళ ఇంటి గొడవ. ఆ అమ్మాయి మాత్రం ఫోన్లో ఒకటే మాట: "ఆంటీ, ఎకో ఫ్రెండ్లీ గుడ్డ అయితేనే కుట్టండి. పాలిస్టర్ ఒక్క పోగు కూడా ఉండకూడదు. డబ్బు గురించి ఆలోచించకండి." ఇంతవరకూ ఏ కస్టమరూ నాతో ఆ చివరి మాట అనలేదు, అందుకే వెంటనే ఒప్పేసుకున్నా.

విజయవాడలో నేనెప్పుడూ కొనే హోల్‌సేల్ షాపుకి వెళ్ళి అడిగితే ఆయన ఐదు రకాలు తీసి బల్ల మీద పరిచాడు. తలా పావు మీటరు శాంపిల్ తెచ్చుకున్నా. మీటరు ధరలు ఇవి: బ్యాంబూ కాటన్ 240, ఆర్గానిక్ కాటన్ 310, లయోసెల్ 420, లినెన్ 650, ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేసిందట, అది 190. ఆరోది మామూలు కోరా మల్లు, అంటే బ్లీచూ రంగూ వేయని పలచటి నూలు గుడ్డ, 95. దాన్ని ఆయన చూపించలేదు, వేరే బేరానికి తీసిపెట్టి ఉంటే నేనే అడిగి తెచ్చుకున్నా.

చేత్తో పట్టుకుంటే బ్యాంబూ కాటన్ అన్నిటికంటే మెత్తగా ఉంది. చల్లగా ఉంది, వేళ్ళ మధ్య జారిపోతోంది. "వెదురుతో చేసిందమ్మా, క్రిములు చేరవు, పసిపిల్లలకి ఇదే" అన్నాడు. ఆర్గానిక్‌కి కాగితం ఏమైనా ఉందా అంటే "నమ్మకం అమ్మా" అని నవ్వాడు.

నా డౌట్లు రెండే. ఇంత మెత్తటి గుడ్డ వెదురులోంచి ఎలా వస్తుంది? మా ఇంట్లో వెదురు నిచ్చెన ఉంది, ఎక్కి దిగితే అరిచేతిలో పుల్లలు గుచ్చుకుంటాయి. రెండోది, ఈ ఆరింటిలో ఏది అసలు, ఏది మాట మాత్రమే అని షాపులో కూర్చునే నాలాంటిది ఎలా కనిపెట్టాలి? సోమవారం గుడ్డ తీసుకోవాలి. కాస్త టెన్షన్‌గానే ఉంది.

పాత_డైహౌస్
శనివారం, ఉదయం 6:50

అమ్మా, నేను సూరత్‌లో గుడ్డలకి రంగులద్దే ఒక డైయింగ్ హౌస్ ల్యాబ్‌లో 26 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ నిచ్చెన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. మా దగ్గరికి వచ్చిన డిగ్రీ కుర్రాళ్ళు కూడా అడిగేవాళ్ళు కాదు.

వెదురు నుంచి గుడ్డ రెండు దారుల్లో వస్తుంది. జనుములాగా దాన్ని నలగ్గొట్టి, ఊరబెట్టి, నార తీసి వడకడం ఒకటి. అది గరుకుగా, లినెన్‌లా ఉంటుంది. ఖర్చెక్కువ, బజారులో దాదాపు కనిపించదు. రెండోది మీ చేతిలో ఉన్నది. అందులో వెదురుని ముక్కలు చేసి, ఉడికించి, కాగితానికి చేసినట్టే గుజ్జు చేస్తారు. ఆ గుజ్జుని కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ అనే ద్రవంతో కలుపుతారు. నారింజ రంగు ముద్ద అవుతుంది. దాన్ని మళ్ళీ కాస్టిక్‌లో కరిగిస్తే తేనెలాంటి చిక్కటి పాకం తయారవుతుంది. ఆ పాకాన్ని జల్లెడ కంటే సన్నని రంధ్రాల్లోంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలోకి వదిలితే పోగులుగా గట్టిపడుతుంది. మన ఇళ్ళలో జంతికలు వత్తినట్టే, నూనె బదులు యాసిడ్. దీని పేరు విస్కోస్. రేయాన్ అన్నా ఇదే. వెదురు గుజ్జు వేసినా, జామాయిల్ గుజ్జు వేసినా చివర్లో వచ్చే పోగు ఒకటే. మీరు బహుశా పదేళ్ళుగా జాకెట్ల లైనింగుకి అదే రేయాన్ కుడుతున్నారు, అప్పుడెవరూ దాన్ని వెదురు అనలేదు, అంతే తేడా.

బిడ్డకేమైనా ప్రమాదమా అంటే, కాదు. తయారైన విస్కోస్ శుభ్రమైన సెల్యులోజే. మట్టిలో పాతితే కుళ్ళిపోతుంది కూడా. బాధంతా అది పుట్టిన చోట. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికులకి నరాలు దెబ్బతింటాయని వందేళ్ళకు పైగా తెలుసు, గుండె కూడా దెబ్బతింటుందని ఆ తర్వాత తేలింది. ఆవిరిని పట్టి మళ్ళీ వాడుకునే ఫ్యాక్టరీలు ఉన్నాయి, గాలికొదిలేసేవీ ఉన్నాయి. గుడ్డ చూసి మనం ఆ తేడా చెప్పలేం.

లయోసెల్ కూడా ఇదే చెట్టుగుజ్జు. కాకపోతే కరిగించే మందు వేరు. దాంట్లో కార్బన్ డైసల్ఫైడ్ పని ఉండదు, ఆ మందుని 99 శాతానికి పైగా తిరిగి పట్టుకుని మళ్ళీ అదే తొట్టిలో పోస్తారు. కాబట్టి ఆ 420 రూపాయల్లో కొంత న్యాయం ఉంది. టెన్సెల్ అని వినే ఉంటారు, అది ఆస్ట్రియా లెంజింగ్ కంపెనీ బ్రాండు పేరు.

ఇక కనిపెట్టడం. రెండు పరీక్షలు చెబుతాను, రెండూ మీ షాపులోనే చేసుకోవచ్చు.

ముందు నిప్పు. గుడ్డలోంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. పత్తి, లినెన్, విస్కోస్, లయోసెల్ ఏదైనా కాగితంలా కాలి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పట్టు, ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు. పాలిస్టర్ ముడుచుకుపోయి, నల్ల పొగతో కరిగి, చివర గట్టి పూస కడుతుంది. ఆ పూసని ఆరిందాకా ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.

నిప్పు పాలిస్టర్‌ని పట్టిస్తుంది గానీ పత్తికీ విస్కోస్‌కీ తేడా చెప్పదు. దానికి నీళ్ళు. ఒక పోగు తీసుకుని మధ్యలో నాలుకతో తడిపి రెండు వైపులా లాగండి. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది, కాబట్టి తడిచిన చోట తెగదు, పొడిగా ఉన్న చోట తెగుతుంది. విస్కోస్ తడిస్తే బలం సుమారు సగానికి పడిపోతుంది, అందుకే సరిగ్గా తడి దగ్గరే పుటుక్కున తెగుతుంది. పడుగు (నిలువు) పోగు, పేక (అడ్డం) పోగు విడివిడిగా చూడండి. రెండూ ఒకటే అయి ఉండాలని లేదు.

కుట్టుమిషన్_తెనాలి
శనివారం, మధ్యాహ్నం 2:30

అంకుల్, మీకు చాలా థ్యాంక్స్ అండీ. జంతికల మాట చదివి మా అమ్మాయి కూడా నవ్వింది. పొద్దున షాపు తీయగానే మొదలుపెట్టాం. వచ్చినవాళ్ళు ఈవిడేంటి దారాలు నాకుతోంది అని చూశారు.

నిప్పు పరీక్షలో సీసాల గుడ్డ మీరన్నట్టే కరిగి ఆవగింజంత నల్లపూస అయింది. లినెన్, మల్లు, లయోసెల్ కాగితంలా కాలాయి. ఇంతవరకూ బాగానే ఉంది.

బ్యాంబూ కాటన్ దగ్గరే తమాషా. అంచు వెంబడి నిలువుగా పోయే పోగు తీసి తడిపి లాగా. తడి దగ్గర తెగలేదు, వేలి మొన దగ్గర పొడిగా ఉన్న చోట తెగింది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అంతే. అయితే పత్తే కదా అనుకున్నా. తర్వాత అడ్డంగా పోయే పోగు తీశా. ఇది మెరుస్తోంది, పురి తక్కువ. తడిపి ఇలా లాగానో లేదో తడి దగ్గర ఊడొచ్చింది, తెగినట్టు కూడా తెలియలేదు. తెగిన చివర చిన్న కుచ్చులా విడిపోయింది. ఐదు పోగులు తీస్తే ఐదూ అంతే.

అంటే పడుగు పత్తి, పేక విస్కోస్. నేను చేత్తో మెత్తగా ఉందని మురిసింది పేకని చూసి! షాపాయనకి ఫోన్ చేస్తే, "దాన్నే బ్యాంబూ కాటన్ అంటారమ్మా, సగం అదీ సగం ఇదీ, మాకు పైనుంచి ఆ పేరుతోనే బిల్లు వస్తుంది" అన్నాడు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

లంగోటీలకి మాత్రం ఇది వేస్టని తేలిపోయింది. రోజుకి పదిసార్లు తడిచి, పిండి, దులిపే గుడ్డ తడిస్తేనే బలం పోయేదైతే ఎలా?

న్యూజెర్సీ_కోడలు
శనివారం, రాత్రి 11:05

హాయ్ అక్కా, నా అనుభవం చెప్తా. ఇక్కడ మా బాబు పుట్టినప్పుడు అందరూ బ్యాంబూ పైజమాలే గిఫ్ట్ ఇచ్చారు. లేబుల్ తిప్పి చూస్తే "వెదురు నుంచి తీసిన విస్కోస్ 95, స్పాండెక్స్ 5" అని ఉంటుంది. అలా రాయడం వాళ్ళ మంచితనం కాదు, ఇక్కడ రూలు. ఉత్త వెదురు అని రాసి అమ్మిన కంపెనీల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచి కేసులు వేస్తూ వచ్చింది. 2022లో రెండు పెద్ద రిటైల్ సంస్థలకి కలిపి 55 లక్షల డాలర్లు పడింది. వెదురులో ఉందని చెప్పే ఆ క్రిములు చేరని గుణం, ఇంత రసాయనాల్లో కరిగించాక గుడ్డలో మిగులుతుందనడానికి ఆధారం లేదని కూడా వాళ్ళు అప్పుడే చెప్పారు. మీ షాపాయన మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది కదా.

అయినా నిజం చెప్పాలంటే ఆ పైజమాలు బాగుంటాయి. మా వాడు వాటిల్లోనే హాయిగా పడుకునేవాడు. కాకపోతే మోకాళ్ళ దగ్గర బొంగరాల్లా ఉండలు కట్టి ఆరు నెలలకే పోయాయి. మా అత్తగారు వైజాగ్ నుంచి తెచ్చిన నూలు జుబ్బాలు రెండో బిడ్డకి కూడా పనికొచ్చాయి.

సీసాల గుడ్డ సంగతి: అది పిల్లలకి వద్దులెండి. చెత్తకుప్పలో పడాల్సిన ప్లాస్టిక్‌ని గుడ్డ చేయడం మంచిదే, బ్యాగులకీ జాకెట్లకీ సరే. కానీ అది పాలిస్టరే. ఉతికినప్పుడల్లా కంటికి కనపడని ప్లాస్టిక్ నూగు నీళ్ళలోకి పోతుంది. పైగా సీసాని మళ్ళీ సీసా చేయొచ్చు, గుడ్డ అయ్యాక మాత్రం ఎక్కువ భాగం చివరికి చెత్తలోకే.

నల్లరేగడి_రైతు
ఆదివారం, ఉదయం 7:20

అక్కా, మీరు ఆర్గానిక్ కాటన్‌కి కాగితం అడిగిన్రు చూడు, అది చదివి నాకు మస్తు సంతోషమైంది. మాది ఆసిఫాబాద్ దిక్కు. 7 ఎకరాల పత్తి. అందులో 2 ఎకరాలు నాలుగేళ్ళ సంది మందులు లేకుండ చేస్తున్న.

పత్తి అంటే చెట్టు నుంచి వచ్చేది, అది సహజమే కదా అని పట్నపోళ్ళు అనుకుంటరు. మా చేన్ల పక్కన నిలబడితే తెలుస్తది ఆ సహజం. 2002ల బీటీ విత్తనం (పురుగుని తట్టుకునేటట్టు జన్యువు మార్చినది) వచ్చినంక శనగపచ్చ పురుగుకి మందు తగ్గింది, అది ఒప్పుకోవాలె. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడ్డది. తెల్లదోమకి, పచ్చదోమకి మందు కొడుతనే ఉన్నరు. ఆర్గానిక్ చేయాలంటే బీటీ విత్తనం పెట్టొద్దు. నాన్ బీటీ మంచి విత్తనం దొరకపట్టుడే సగం యుద్ధం. నేను లింగాకర్షక బుట్టలు కడుత, వేప కషాయం కొడుత, కంచె లెక్క చుట్టూ కంది, జొన్న వేస్త. భూమి మారుటానికి రెండు మూడేళ్ళు పడతది, అప్పటిదాక దిగుబడి తక్కువ, ధర మాత్రం అందరి లెక్కనే. అదీ మాకు మోయరాని బరువు.

అందుకే 'నమ్మకం' అనుడు నాకు నచ్చలే. అసలు ఆర్గానిక్ గుడ్డ అయితే చేను నుంచి జిన్నింగు, స్పిన్నింగు, నేత, అద్దకం దాక ప్రతి చేతికి ఒక కాగితం ఉంటది. ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ అంటరు. గాట్స్ (ఆర్గానిక్ గుడ్డకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) గుర్తు ఉన్న సరుకు మీద తనిఖీ చేసినోళ్ళ పేరు, లైసెన్స్ నంబర్ రాసి ఉంటయి, వాళ్ళ వెబ్‌సైట్‌ల కొట్టి చూసుకోవచ్చు. అందులో కూడా రెండు మెట్లున్నయి. ఉత్త 'ఆర్గానిక్' అని ఉంటే కనీసం 95 శాతం, 'ఆర్గానిక్‌తో చేసింది' అని ఉంటే కనీసం 70 శాతం. నంబర్ లేదంటే 310 రూపాయలల్ల 95 రూపాయల గుడ్డ ఉన్నట్టే అనుకోండి.

ఇంకో మాట. పత్తి నీళ్ళు తాగుతది, తాగుతది అని ఎక్కడ చూసినా రాస్తరు. మా దగ్గర బోరు లేదు, కాలువ లేదు. వాన మీదనే పంట. ఏ ఊరి పత్తి అన్నది చూడకుండ ఒకే లెక్క అందరి నెత్తిన రుద్దితే మేం ఏం చెప్పాలె.

పాత_డైహౌస్
ఆదివారం, ఉదయం 9:40

రైతుగారి మాటకి ఒకటి కలుపుతాను. ఆర్గానిక్ పత్తి పండించి, తెల్లగా బ్లీచ్ చేసి, ముదురు రంగు అద్దితే చేనులో మిగిల్చినదాంట్లో సగం నా పాత ఉద్యోగంలో కాలవలోకి పోయినట్టే. ఒక కిలో గుడ్డకి ఎన్ని బకెట్ల ఉప్పునీళ్ళు వదిలామో నాకు తెలుసు. అమ్మా, జుబ్బాలకి రంగు అవసరమా? కోరా గుడ్డ అయితే ఆ గొడవే లేదు.

బారసాల_అక్క
ఆదివారం, ఉదయం 11:15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మరి పట్టు సంగతేమిటి? బారసాలకి బిడ్డ తల్లికి పట్టుచీర పెడతారు కదా. అది రెన్యూవబులే కదా?

పాత_డైహౌస్
ఆదివారం, మధ్యాహ్నం 12:05

మల్బరీ ఆకు ఏడాది పొడవునా చిగురిస్తుంది కాబట్టి అవునమ్మా. అయితే పురుగు గూట్లో ఉండగానే ఆవిరి పట్టి చంపుతారు. అది సీతాకోకచిలుకై బయటికొస్తే గూటికి రంధ్రం పడి దారం తెగిపోతుంది. మన హైదరాబాద్ కుసుమ రాజయ్య గారు ఆ చిలుకని వెళ్ళనిచ్చి, మిగిలిన గూళ్ళని పత్తిలా వడికి అహింసా పట్టు అని చేశారు. మెరుపు కాస్త తక్కువ, మెత్తదనం ఎక్కువ. అస్సాం వాళ్ళ ఎరి పట్టు ఎలాగూ అంతే, ఆ పురుగులు ఆముదం ఆకు తిని, ఒక కొన తెరిచి ఉన్న గూడు కడతాయి. మన మహదేవపూర్ వైపు మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టు ఉంది, అది అడవి సరుకు. మళ్ళీ జుబ్బాల దగ్గరికి వద్దాం.

పొందూరు_మనవడు
ఆదివారం, సాయంత్రం 5:30

ఈ చర్చలో పొందూరు రాకపోతే మా అమ్మమ్మ ఊరుకోదు. మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మమ్మ పొందూరు ఖద్దరుకి నూలు వడికేది, కళ్ళు పోయేవరకు.

మీరంతా ఫ్యాక్టరీలో పోగు ఎలా పుడుతుందో చెప్పుకున్నారు. మా ఇంట్లో ఎలా పుట్టేదో చెబుతాను. గింజతో ఉన్న కొండపత్తి వస్తుంది. పొట్టి పింజ, మిల్లు వాళ్ళు ముట్టుకోరు. ఆ గింజకి అంటుకున్న దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అవునండీ, చేప దవడే. చిన్న కర్రకి కట్టిన దవడ ఎముక, దానికి సూదుల్లాంటి పళ్ళు. ఒక చేత్తో గింజ పట్టుకుని రెండో చేత్తో దువ్వితే చెత్త పోయి దూది పోగులు ఒకే వైపుకి తిరుగుతాయి. ఇనప దువ్వెన పెడితే పింజ తెగిపోతుంది, దవడ పెడితే తెగదు. ఆ చేప మా వైపు దొరకదు, గోదావరి వైపు నుంచి దవడలు తెప్పించుకునేవారు. చిన్నప్పుడు నేను దాన్ని దొంగిలించి బొమ్మ ట్రాక్టరుకి నాగలి కట్టాను. ఆ రోజు తిన్న దెబ్బలు ఇంకా గుర్తు.

తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ఊడుతుంది. వింటితో ఏకుతారు. ఏకులు చేసి ఆరిపోకుండా అరటిదొప్పలో చుట్టి పెట్టేది అమ్మమ్మ. ఒక్క కదురు రాట్నం మీద 100 నంబరు నూలు. ఆ నూలు పోగు వెలుతురుకి అడ్డంగా పెడితే తప్ప కనపడేది కాదు. గాంధీగారు ఈ నూలు సంగతి విని తన కొడుకు దేవదాస్ గాంధీని ఊరికి పంపారు. కరెంటు లేదు, యాసిడ్ లేదు, సర్టిఫికెట్ అంతకన్నా లేదు.

అయితే అక్కా, జుబ్బాలకి మాత్రం పొందూరు గుడ్డ కొనకండి. చాలా ఖరీదు, ఎదిగే బిడ్డకి మూడు నెలల ముచ్చట. అది తాతగారి పంచెకి సరిపోయే గుడ్డ. మీకు కావాలంటే 'మల్ఖా' అని అడగండి. మల్‌మల్, ఖాదీ రెండూ కలిపి పెట్టిన పేరు. దూదిని బేళ్ళుగా బిగించి తొక్కకుండా, పండిన ప్రాంతంలోనే చిన్న యంత్రాల మీద వడికి, చేమగ్గం మీద నేయాలన్నది వాళ్ళ పద్ధతి. ఉజ్రమ్మ గారు మొదలుపెట్టారు. ఒంటికి మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది.

ఇంకో విషయం. మీ లినెన్ అవిసె మొక్క కాడ నుంచి తీసే నార, ఆ గింజలు మన పచారీ కొట్లో ఉండేవే. దాని మేనమామ కొడుకులాంటిది మా శ్రీకాకుళం, విజయనగరం గోగునార. గోంగూర చెట్టునే ముదరనిచ్చి, కోసి, చెరువులో ఊరబెట్టి నార తీస్తారు. ఆ రోజుల్లో చెరువుగట్టు వెంబడి నడిస్తే ముక్కు మూసుకోవాల్సిందే. అది గోనెసంచులకే గానీ ఒంటి మీదికి రాదు. ఆకు పచ్చడికి, కాడ సంచికి.

రాజమండ్రి_బామ్మ
ఆదివారం, రాత్రి 8:00

మా మనవరాలు చదివి వినిపిస్తుంటే నేను చెప్పి టైపు చేయిస్తున్నాను. ఇంతమంది ఇన్ని చెప్పారు, పొత్తిళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదేం?

బిడ్డ పుడితే కొత్తగుడ్డ వేసేవాళ్ళం కాదు. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది, కుట్టు గుచ్చుకుంటుంది. ఇంట్లో పెద్దాయన నలగ్గట్టిన పాత పంచె, అత్తగారి పాత నూలుచీర, ఇవి రెండూ చింపి, మరిగే నీళ్ళలో ఉడకేసి, ఎండలో గలగల్లాడేలా ఆరేసి, సాంబ్రాణి పొగ పట్టి పెట్టేవాళ్ళం. ఇరవై ఏళ్ళు ఉతికిన గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో మీ వెదురు వాళ్ళకేం తెలుసు. బిడ్డకి జుబ్బా పదకొండో రోజు బారసాలకే. ఆ చీర ముక్కలు తర్వాత బొంతలోకి, బొంత చిరిగితే మసిగుడ్డలోకి. ఒక్క ముక్క పారేయలేదు.

ఆ నాయనమ్మ గొణుగుడు నాకర్థమైంది. ఆవిడ బీరువాలో చీరలుంటాయి, వెళ్ళి అడుగు అమ్మా.

కుట్టుమిషన్_తెనాలి
మంగళవారం, రాత్రి 9:45

బామ్మగారూ, మీ మాట చదివి నిజంగానే వెళ్ళా. ముందు నాకు మనసులో ఒక బెరుకు: పాత చీరతో కుడితే నాకు గుడ్డ మీద మిగిలేదేముంది, కూలి ఒక్కటే కదా. ఉన్నమాట చెప్పేశా, తిట్టుకోకండి.

నాయనమ్మగారు బీరువా తీసి నాలుగు నూలుచీరలు తీసింది. రెండిటికి జరీ అంచు, అవి పక్కన పెట్టేశా. మిగిలిన రెండూ వెంకటగిరి చీరలు, ఒకటి మాసిన పాలరంగు. చేత్తో పట్టుకుంటే బ్యాంబూ గుడ్డ గుర్తొచ్చింది, అంత చల్లగా ఉంది. అలవాటుకొద్దీ పోగు తీసి తడిపి లాగా. తడి దగ్గర తెగలేదు. పక్కగుడ్డలు నాలుగూ, లంగోటీలు ఇరవై వాటితోనే. ఆవిడ మొహం చూడాలి మీరు. "పుట్టకముందే కొత్తవి వద్దన్నాను గానీ ఇవి పాతవే కదా" అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ హైదరాబాద్ అమ్మాయికి ఈ చర్చ మొత్తం లింకు పంపా. అర్ధరాత్రి వరకూ చదివినట్టుంది, పొద్దున్నే ఫోన్. జుబ్బాలకి లయోసెల్ వద్దంది, లినెన్ గరుకుగా ఉంటుందని నేనే వద్దన్నా. కోరా మల్లు తీసుకుందాం, ఆరు జుబ్బాలు మాత్రం మల్ఖా గుడ్డతో కుట్టండి అంది. 30 కాదు, 18 చాలంది. రైతుగారూ, మీ కాగితం మాట షాపాయనకి చెప్పా, లైసెన్స్ నంబరు లేనిదే ఇకమీద ఆర్గానిక్ కొననని. "మీరొక్కరే అడుగుతున్నారమ్మా" అన్నాడు. ఇంకో నలుగురు టైలర్లకి చెప్పి పంపిస్తా, చూద్దాం.

ఒక డౌటు మిగిలింది. మల్లు గుడ్డ నిన్న రాత్రి నానబెట్టి పొద్దున ఆరేశా. కొలిస్తే మీటరుకి రెండు అంగుళాలు లాగింది, అడ్డం మాత్రం అర అంగుళమే. గంజి ఇంకా పూర్తిగా పోలేదు, నీళ్ళు తెల్లగానే వస్తున్నాయి. డైహౌస్ అంకుల్, ఇంకోసారి వేడినీళ్ళలో తీస్తే మళ్ళీ లాగుతుందా? చెప్తే దాన్ని బట్టి కత్తెర పెడతాను.

పాత_డైహౌస్
మంగళవారం, రాత్రి 10:20

లాగుతుందమ్మా, ఇంకో అర అంగుళం. వేడినీళ్ళలో తీసి, పిండకుండా తాడు మీద వేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కొలవండి. కత్తెర ఎల్లుండికి పెట్టుకోండి.